ఎమ్మారై నార్మల్... మరి చెయ్యెందుకు వణుకుతోంది?

చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన కుటుంబం అది. రిటైరైన హైస్కూలు మాస్టారు, ఆయన భార్య, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు. కొడుకు చేతిలో పెద్ద ఫిల్ము కవరు. కూర్చుంటూనే దాన్ని నా బల్ల మీద పెట్టాడు. ‘‘సర్, పోయినేడాది తీయించాం. బ్రెయిన్‌లో ఏమీ లేదని రాశారు. అంటే పార్కిన్సన్స్ కాదనే కదండీ? మరి నాన్నగారి చెయ్యెందుకు వణుకుతోంది?’’

నేను కవరు విప్పలేదు. మాస్టారిని తలుపు దాకా నడిచి వెనక్కి రమ్మన్నాను. ఎడమ చెయ్యి బాగానే ఊగుతోంది. కుడి చెయ్యి మాత్రం ఒంటికి అతుక్కుపోయినట్టు ఉంది. వెనక్కి తిరిగేటప్పుడు ఒక్కసారిగా తిరగలేక నాలుగైదు చిన్న చిన్న అడుగులు వేశారు. బొటనవేలు, చూపుడువేలు కలిపి టకటకా కొట్టమన్నాను. మొదట బాగానే మొదలై, పదోసారికి వేళ్లు సగం కూడా తెరుచుకోవడం లేదు. కాగితం ఇచ్చి ఏదైనా రాయమన్నాను. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద గుండ్రంగా రాసిన చెయ్యి. మొదటి మాట అలాగే ఉంది. వరస చివరికి వచ్చేసరికి అక్షరాలు ఆవగింజలైపోయాయి. చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నప్పుడు వణుకు. కాఫీ గ్లాసు అందుకుంటే ఆ వణుకు ఆగిపోతోంది.

ఇది పార్కిన్సన్సే అని చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ తర్వాతే కవరు విప్పాను. రిపోర్టు సరిగ్గానే రాశారు. వయసుకు తగ్గట్టు మెదడు మామూలుగానే ఉంది. తప్పు రిపోర్టుది కాదు. దాన్ని చదివిన తీరుది. ‘ఏమీ లేదు’ అన్న మాట పట్టుకుని ఆ కుటుంబం ఏడాదిపాటు నరాల బలహీనత అనుకుంది, బీ12 ఇంజెక్షన్లు చేయించింది, మాస్టారిని ‘ధైర్యంగా ఉండండి, వణకకండి’ అని కోప్పడింది కూడా. ఆయన మాత్రం చొక్కా బొత్తాలు పెట్టుకోలేక పెళ్లిళ్లకు వెళ్లడం మానేశారు.

(రోగుల్ని గుర్తుపట్టకుండా ఉండేందుకు ఈ వ్యాసంలో వాళ్ల వివరాలు కొంత మార్చాను.)

గట్టు బాగుంది, నీళ్లే రావడం లేదు

మెదడు స్కాన్ అనగానే మనందరికీ ఎమ్మారై గుర్తుకొస్తుంది. అది ఆకారాన్ని చూపిస్తుంది. ఎక్కడైనా గడ్డ ఉందా, రక్తనాళం మూసుకుపోయిందా, నీరు చేరిందా అన్నది చెబుతుంది. పార్కిన్సన్స్‌లో ఆకారం పెద్దగా చెడదు. చెడేది పని.

మన వంశధార కాలువనే తీసుకోండి. గట్లు బాగానే ఉంటాయి, తూములు బాగానే ఉంటాయి, ఫొటో తీస్తే కాలువ కాలువలాగే కనిపిస్తుంది. శివారు భూములకు మాత్రం నీళ్లు అందవు. మెదడు అడుగున, మధ్య మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న నల్లటి చార ఉంటుంది. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసి, పొడవాటి నరాల పోగుల ద్వారా పైనున్న స్ట్రయాటమ్ అనే భాగానికి పంపుతాయి. మన కదలికలు తడబాటు లేకుండా సాగడానికి ఆ డోపమైన్ కావాలి. పార్కిన్సన్స్‌లో ఈ నల్లటి కణాలు ఏళ్ల తరబడి, చడీచప్పుడు లేకుండా తగ్గిపోతాయి. చేతిలో మొదటి వణుకు కనిపించేనాటికే స్ట్రయాటమ్‌లో డోపమైన్ సగానికి పైగా పోయి ఉంటుంది. అందులోనూ ముందు ఎండిపోయేది శివారే. స్ట్రయాటమ్‌లో వెనక భాగం, పుటామెన్ అంటారు, అక్కడే లోటు మొదలవుతుంది. అది కూడా ఒక వైపు ముందు, రెండో వైపు తర్వాత. అందుకే వణుకు ఒక చేతితో మొదలవుతుంది.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వర్ణిస్తూ చిన్న పుస్తకం రాసినప్పుడు ఆయన దగ్గర ఏ యంత్రమూ లేదు. ఆరుగురి గురించి రాశారు. వాళ్లలో కొందరిని ఆయన వీధిలో నడుస్తుండగా చూశారంతే. రెండు వందల ఏళ్లు దాటినా ఈ జబ్బును పట్టుకునే మొదటి సాధనం అదే: రోగి నడక చూసే కళ్లు. కదలికలు నెమ్మదించడం తప్పనిసరిగా ఉండాలి. దానితోపాటు కదలకుండా ఉన్నప్పుడు వచ్చే వణుకు గానీ, కండరాల బిగుతు గానీ ఉండాలి. వీటికి వాసన తెలియకపోవడం, ఎన్నో ఏళ్లుగా మలబద్ధకం, నిద్రలో కలకంటూ చేతులు కాళ్లు విసరడం తోడైతే అనుమానం బలపడుతుంది. లెవోడోపా మాత్ర వేశాక స్పష్టంగా మెరుగుపడితే ఇంకా బలపడుతుంది.

అలాంటప్పుడు ఎమ్మారై ఎందుకు రాస్తారని మీరు అడగొచ్చు. పార్కిన్సన్స్‌ను కనిపెట్టడానికి కాదు, పార్కిన్సన్స్‌లా నటించే వాటిని పట్టుకోవడానికి. బీపీ, షుగర్ ఉన్నవారిలో చిన్న చిన్న రక్తనాళాలు మూసుకుపోయి నడక చెడవచ్చు. మెదడులోని గదుల్లో నీరు చేరితే కాళ్లు నేలకు అతుక్కున్నట్టవుతాయి, మూత్రం ఆగదు, మతిమరుపు వస్తుంది. దీనికి ఆపరేషన్ ఉంది కాబట్టి వదిలేయకూడదు. పెద్దవాళ్లు బాత్‌రూమ్‌లో జారిపడి ఎవరికీ చెప్పరు. నెల తర్వాత తలలో రక్తం గడ్డకట్టి మనిషి మందకొడి అవుతాడు. ఇవన్నీ స్కాన్‌లో దొరుకుతాయి. పార్కిన్సన్స్ దొరకదు. కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ల లక్షణాలు సరిపోతూ ఎమ్మారై నార్మల్ వస్తే ‘జబ్బు లేదు’ అనుకోవద్దు. ‘వేరే జబ్బులు కావు’ అని చదువుకోండి.

పలాస జీడిపప్పు

పనిని చూపించే స్కాన్లు వేరే ఉన్నాయి. ఇవి న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో జరుగుతాయి. డోపమైన్ పంపే నరాల కొసల్లో, వాడిన డోపమైన్‌ను తిరిగి లోపలికి లాక్కునే ప్రోటీన్లు ఉంటాయి. వాటికి అతుక్కునే మందుకు కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థాన్ని తగిలించి నరానికి ఎక్కిస్తారు. మూడు నాలుగు గంటలు ఆగి, తల కదలకుండా పడుకోబెట్టి గామా కెమెరాతో బొమ్మ తీస్తారు. దీన్నే డాట్ స్కాన్ అంటారు. అమెరికాలో దీనికి 2011లో అనుమతి వచ్చింది. అక్కడ వాడేది అయోడిన్‌తో చేసిన మందు. మన దేశంలో ఎక్కువగా జరిగేది ట్రోడాట్ అనే రకం. ఇందులో వాడేది టెక్నీషియం. ఎముకల స్కాన్‌కు వాడే పదార్థమే కాబట్టి గామా కెమెరా ఉన్న చోట చేయడం తేలిక. మరో రకం ఎఫ్-డోపా పెట్ స్కాన్. దాని పదార్థం సుమారు 110 నిమిషాల్లో సగం హరించుకుపోతుంది. అందుకే సైక్లోట్రాన్‌కు దగ్గరలోనే చేయాలి. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు ఇదంతా పెద్ద నగరానికి ప్రయాణం, వేల రూపాయల ఖర్చు.

ఆ బొమ్మ ఎలా ఉంటుందో చెబుతాను. ఆరోగ్యవంతుడి స్కాన్‌లో రెండు పలాస జీడిపప్పులు ఎదురెదురుగా పెట్టినట్టు రెండు వంకర ఆకారాలు వెలుగుతూ కనిపిస్తాయి. పార్కిన్సన్స్‌లో ఆ జీడిపప్పు తోక విరిగిపోతుంది. తల మాత్రం గుండ్రటి చుక్కలా మిగులుతుంది. తోక అంటే పుటామెన్, ఇందాకటి శివారు. కుడి చెయ్యి ఎక్కువ వణికే మనిషికి మెదడులో ఎడమ తోక ముందు పోతుంది. చూడటానికి ఇంత స్పష్టంగా ఉండే పరీక్షలు వైద్యంలో ఎక్కువ లేవు.

ఇంత బాగుంటే అందరికీ ఎందుకు రాయరు? ఎందుకంటే ఇది జవాబిచ్చేది ఒక్క ప్రశ్నకే: డోపమైన్ కొసలు తగ్గాయా, లేదా? పార్కిన్సన్స్‌లో తగ్గుతాయి. దాని దాయాదులైన మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ, ప్రోగ్రెసివ్ సూప్రాన్యూక్లియర్ పాల్సీల్లో కూడా తగ్గుతాయి. వాటి మధ్య తేడా ఈ బొమ్మ చెప్పలేదు. అక్కడ మళ్లీ మామూలు ఎమ్మారైయే కొంత సాయపడుతుంది. మధ్య మెదడు కుంచించుకుపోయి పక్కనుంచి చూస్తే సన్నని ముక్కున్న తేనెపిట్టలా కనిపిస్తే ఒకటి, మెదడు కాండంలో శిలువలాంటి గీతలు కనిపిస్తే ఇంకొకటి అనుమానిస్తాం. అవి కూడా జబ్బు కొంత ముదిరాకే కనిపిస్తాయి.

లక్షణాలన్నీ చక్కగా సరిపోయిన మా మాస్టారికి డాట్ స్కాన్ తీసి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. అందుకే రాయలేదు. కొడుకు కొంచెం నిరుత్సాహపడ్డాడు. ఖర్చుకు వెనకాడటం లేదండీ అన్నాడు. వెనకాడమని నేనూ అనడం లేదు. ఆ డబ్బు ఫిజియోథెరపీకి దాచుకోమన్నాను.

మరి అది నిజంగా ఎవరికి పనికొస్తుంది? వణుకు ఉంది గానీ పార్కిన్సన్సా, కాదా అని తేలని వాళ్లకు. కాఫీ కప్పు పట్టుకున్నప్పుడు, సంతకం చేసేటప్పుడు చేతులు వణకడం, ఇంట్లో అమ్మకో నాన్నకో అదే ఉండటం... ఇది ఎసెన్షియల్ ట్రెమర్. మెదడులో డోపమైన్ బాగానే ఉంటుంది, జీడిపప్పులు రెండూ చెక్కుచెదరవు. చాలామందిని చూసే చెప్పేయొచ్చు, కొందరిలో చెప్పలేం. రెండో రకం వాళ్లు మందుల వల్ల వచ్చిన వణుకుతో బాధపడేవాళ్లు. వీళ్ల గురించి ఆగి చెప్పాలి.

గ్యాస్ మాత్ర పెట్టిన కష్టం

కవిటి దగ్గరి ఊరు నుంచి అరవై ఏళ్లు దాటిన ఒకావిడ. ‘‘కాళ్లు సాగట్లేదు బావూ, మొకం కూడా బిగుసుకుపోనాది అంటన్నారు మాయోళ్లు’’ అంది. రెండు చేతులూ ఒకేలా బిగుసుకున్నాయి. మూడు నెలల్లో ఇంత దిగజారడం పార్కిన్సన్స్ పద్ధతి కాదు. మందులన్నీ తెమ్మన్నాను. సంచిలో బీపీ మాత్రలు, కిడ్నీ కోసం ఇచ్చినవి, వాటి కింద సగం వాడిన గ్యాస్ మాత్రల అట్ట. ఎవరో ఒకసారి రాసిచ్చారు, బాగుందని ఏడాదిగా మందుల షాపులో కొనుక్కుంటోంది.

ఆ అట్ట వెనక చిన్న అక్షరాల్లో రెండు పేర్లున్నాయి. ఒకటి యాసిడ్ తగ్గించేది, రాబెప్రజోల్. రెండోది లెవోసల్పిరైడ్. ఈ రెండోది డోపమైన్ పనిచేసే తాళాలను మూసేస్తుంది. ఇంట్లో డోపమైన్ కావలసినంత ఉన్నా తలుపు తెరుచుకోదు. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, కళ్లు తిరగడానికీ మైగ్రేన్‌కూ ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు కూడా ఇదే పని చేయగలవు. ఆరోగ్యవంతుడు నాలుగు రోజులు వేసుకుంటే చాలావరకు ఏమీ కాదు. వయసు మీద పడ్డవాళ్లు నెలల తరబడి వేసుకుంటేనే చిక్కు.

ఇందులో నా వంతు తప్పు కూడా ఉంది, దాచడం ఎందుకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తల తిరుగుతోందని వచ్చిన ఒక పెద్దాయనకు సిన్నరిజిన్ రాశాను. ‘నెల తర్వాత ఆపేయండి’ అని చెప్పానో లేదో గుర్తులేదు గానీ, చీటీ మీద మాత్రం రాయలేదు. ఆయన అదే చీటీతో ఏడాదిన్నర వాడారు. అడుగులో అడుగు వేస్తూ మళ్లీ నా దగ్గరికే వచ్చారు. అప్పటినుంచి ఎన్ని రోజులో, ఎప్పుడు ఆపాలో తెలుగులో రాసిస్తాను.

కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. మెటోక్లోప్రమైడ్, లెవోసల్పిరైడ్ లాంటివి చాలావరకు మూత్రం ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీలు సగం పనిచేస్తుంటే మందు ఒంట్లోనే పేరుకుంటుంది. పైగా కిడ్నీ రోగులకు వికారం, కడుపు ఉబ్బరం మామూలే కాబట్టి ఈ మాత్రలు చేరేదీ వాళ్ల ఇళ్లకే. ఉద్దానంలో ఇంటింటికీ ఒక కిడ్నీ రోగి అన్నట్టుంటుంది పరిస్థితి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఏ మండలం నుంచి వచ్చినా నేను మొదట అడిగేది క్రియాటినిన్ ఎంత అనీ, గ్యాస్‌కు ఏం వాడుతున్నారనీ.

కవిటి ఆవిడకు ఆ మాత్ర ఆపించాం. వారంలో తేడా కనిపించలేదు, కోడలు కంగారుపడింది. ఇది నెలల లెక్క. కొందరికి ఆరు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఐదో నెలలో ఆవిడ ఒక్కతే బస్సెక్కి వచ్చింది.

అందరికీ ఇలా జరగదు. మందు ఆపి ఆరునెలలు దాటినా బిగుతు అలాగే ఉంటే, లోపల అప్పటికే మొదలైన పార్కిన్సన్స్‌ను ఆ మాత్ర బయటపెట్టిందేమో అని అనుమానించాలి. సరిగ్గా ఇక్కడే డాట్ స్కాన్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. స్కాన్ మామూలుగా ఉంటే ఇంకా ఓపిక పడదాం. తోక విరిగి ఉంటే పార్కిన్సన్స్ చికిత్స మొదలుపెడదాం. ఒక హెచ్చరిక: మానసిక జబ్బుకు వాడే మందుల్ని ఈ వ్యాసం చదివి మీరే ఆపేయకండి. రాసిన డాక్టరుతో మాట్లాడి మార్పించుకోండి.

కిడ్నీ రోగుల గురించి మరో రెండు మాటలు. పార్కిన్సన్స్ అనుమానంతో తీసే ఎమ్మారైకి సాధారణంగా రంగుమందు అక్కర్లేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో కొన్ని రకాల గెడోలినియం రంగుమందులు చర్మం, కీళ్లు బిగుసుకుపోయే అరుదైన జబ్బు తెస్తాయి. కాబట్టి క్రియాటినిన్ కాగితం స్కాన్ సెంటర్‌లో ముందే చూపించండి. రెండోది, షుగర్ ఉండి డయాలసిస్ మీద ఉన్న మనిషి రోజుల వ్యవధిలో హఠాత్తుగా బిగుసుకుపోతే అది వేరే కథ. ఎమ్మారైలో మెదడు లోపలి కేంద్రాలు వాచి, ముళ్లచెంచా ఆకారంలో తెల్లగా కనిపిస్తాయి. డయాలసిస్ సరిచేస్తే చాలామంది తేరుకుంటారు. ఇది ఇంట్లో కూర్చుని చూసే జబ్బు కాదు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకురావాలి.

గరివిడి ఖనిజం, మెరిసే స్కాన్

విజయనగరం జిల్లాలో పనిచేసే డాక్టరు వణుకు గురించి రాస్తూ మాంగనీసు గురించి రాయకపోతే సగమే రాసినట్టు. గరివిడి, గర్భాం, కోడూరు ప్రాంతంలో 1890ల తొలినాళ్లలోనే మాంగనీసు తవ్వకం మొదలైంది. దేశంలోనే అది మొదటిది. ఇక్కడి ఒక రాతికి భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ కోడూరు పేరు మీదే ‘కోడురైట్’ అని పేరు పెట్టారు. ఉక్కు తయారీకి కావలసిన ఫెర్రో మాంగనీస్ కరిగించే కొలుములు కూడా ఈ చుట్టుపక్కలే వచ్చాయి.

మాంగనీసు మనకు కొద్దిగా అవసరమే. తిండి ద్వారా వచ్చినదాన్ని కాలేయం పైత్యరసంతో బయటికి పంపేస్తుంది. ఊపిరితో వెళ్లిన ధూళి, పొగ సంగతి వేరు. అది కాలేయాన్ని తప్పించుకుని మెదడుకు చేరుతుంది. 1837లోనే గ్లాస్గోలో జాన్ కూపర్ అనే వైద్యుడు మాంగనీసు పొడి చేసే కూలీల కాళ్లు పట్టు తప్పడం గమనించి రాశారు. ఏళ్ల తరబడి ఆ ధూళి పీల్చినవారిలో మొదట చిరాకు, కారణం లేని నవ్వు, ఏడుపు, నిద్ర పట్టకపోవడం. ఆ తర్వాత బిగుతు, మాట తడబాటు, మడమలు ఆనకుండా మునివేళ్ల మీద కోడిపుంజులా నడవడం, వెనక్కి పడిపోవడం. వణుకు తక్కువ. లెవోడోపాకు లొంగేది కూడా తక్కువే.

దీన్ని పార్కిన్సన్స్ నుంచి విడదీయడంలో స్కాన్‌కు నిజమైన పాత్ర ఉంది. మాంగనీసుకు అయస్కాంత స్వభావం ఉంది. అందుకే ఎమ్మారైలో టీ1 అనే బొమ్మల్లో, గ్లోబస్ పాలిడస్ అనే భాగం రెండు వైపులా దీపం పెట్టినట్టు మెరుస్తుంది. డాట్ స్కాన్, ఎఫ్-డోపా స్కాన్ మాత్రం దాదాపు మామూలుగానే ఉంటాయి. డోపమైన్ పంపే కొసలు కాదు, దాన్ని అందుకునే చోటు దెబ్బతింది కాబట్టి. పార్కిన్సన్స్‌కు ఇది పూర్తిగా తలకిందులు.

ఇక్కడొక మెలిక కూడా ఉంది. పని మానేసిన కొన్ని నెలల్లో ఆ మెరుపు తగ్గుతూ, ఏడాదికల్లా దాదాపు మాయమవుతుంది. నడక మాత్రం బాగుపడకపోవచ్చు. అంటే రిటైరైన ఐదేళ్లకు తీసిన స్కాన్ చూసి ‘మాంగనీసు ప్రభావం లేదు’ అనలేం. మనిషి ఏం పని చేశాడు, ఎన్నాళ్లు చేశాడు అని అడిగి తెలుసుకోవాల్సిందే. కాలేయం గట్టిపడిన వాళ్లలో, గని మొహం చూడకపోయినా, మాంగనీసు బయటికి పోక అదే మెరుపు కనిపిస్తుంది. మద్యం ఎక్కువగా తాగి కాలేయం పాడైనవారి స్కాన్లలో నేను చూసిన మెరుపులు ఇవే.

గని ఉన్న ఊళ్లో ఉన్నంత మాత్రాన ఎవరూ భయపడక్కర్లేదు. తవ్వేచోట, పొడి చేసేచోట, కొలిమి దగ్గర, వెల్డింగ్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవారు జాగ్రత్త పడాలి. మాంగనీసు విషప్రభావం చట్టప్రకారం తప్పనిసరిగా తెలియజేయాల్సిన వృత్తి వ్యాధి. మీ నాన్నగారు అలాంటి పని చేసి ఉంటే ఆ మాట డాక్టరుకు మీరే చెప్పండి. ఓపీలో వంద మంది వరసలో ఉన్నప్పుడు మేం అడగడం మరచిపోవచ్చు.

ఒక చిన్న విశేషం. ఈ రోజు కోట్లమంది వాడుతున్న లెవోడోపాకూ మాంగనీసు గనికీ చుట్టరికం ఉంది. 1967లో ఎక్కువ మోతాదు డోపాతో రోగులు లేచి నడుస్తారని చూపించిన జార్జ్ కోట్జియాస్, అంతకుముందు చిలీ దేశపు మాంగనీసు గని కార్మికులను పరిశోధించిన వైద్యుడే.

ఏడాదికోసారి స్కాన్ తీస్తే జబ్బు ఎంత పెరిగిందో తెలియదా?

ఇది చదువుకున్న కుటుంబాలు అడిగే ప్రశ్న. షుగర్‌కు హెచ్‌బీఏ1సీ ఉన్నట్టు పార్కిన్సన్స్‌కు ఒక నంబరు కావాలి. పరిశోధకులకూ అదే కావాలి. 2010లో అమెరికాలో మొదలైన పీపీఎంఐ అనే పెద్ద అధ్యయనం ఇలాంటి కొలతల కోసమే ఏళ్ల తరబడి వాలంటీర్ల స్కాన్లు తీస్తోంది. గుంపు మొత్తం మీద చూస్తే డాట్ బొమ్మ ఏటేటా వెలవెలబోతుంది, నిజమే. ఒక్క మనిషి విషయానికి వస్తే ఆ నంబరు నమ్మదగ్గది కాదు.

దీనికి 2004లో వచ్చిన ఎల్డోపా అధ్యయనమే సాక్ష్యం. కొత్తగా జబ్బు వచ్చిన 361 మందిని తీసుకుని కొందరికి లెవోడోపా, కొందరికి ఉత్తుత్తి మాత్ర 40 వారాలు ఇచ్చారు. లెవోడోపా వాడినవాళ్లు కదలికల్లో మెరుగ్గా ఉన్నారు. వాళ్ల స్కాన్లు మాత్రం ఎక్కువ క్షీణించినట్టు కనిపించాయి! మనిషి బాగున్నాడు, బొమ్మ బాగాలేదు. దేన్ని నమ్మాలి? మందు వల్ల ఆ ప్రోటీన్లే సర్దుకుని స్కాన్‌ను మార్చి ఉండొచ్చని ఒక వాదన. ఈ గందరగోళం వల్ల లెవోడోపా మెదడును పాడుచేస్తుందన్న భయం చాలాకాలం నడిచింది. 2019లో నెదర్లాండ్స్‌లో 445 మందిపై చేసిన అధ్యయనం, ముందే మొదలుపెట్టినా నలభై వారాలు ఆలస్యంగా మొదలుపెట్టినా జబ్బు నడకలో తేడా లేదని తేల్చింది. మందు జబ్బును ఆపదు, పెంచదు. బతుకును తేలిక చేస్తుంది. ‘మాత్ర ఎంత ఆలస్యంగా మొదలుపెడితే అంత మంచిది’ అని ఎవరో చెప్పిన మాట విని బొత్తాలు పెట్టుకోలేని స్థితిలో ఏళ్లు గడిపేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇలాంటి అధ్యయనాల్లోనే మరో సంగతి బయటపడింది. నిపుణులు పార్కిన్సన్స్ అని తేల్చినవారిలో నూటికి పది పదిహేను మందికి డాట్ స్కాన్ మామూలుగా వచ్చింది. ఏళ్ల తరబడి గమనిస్తే వాళ్లలో ఎక్కువమందికి ఉన్నది అసలు పార్కిన్సన్స్ కాదు. డాక్టరు కళ్లు కూడా పొరబడతాయి. మొదట్లో చెప్పిన ఐదు నిమిషాల నిర్ధారణ చూసి నన్ను మరీ నమ్మేయకండి. ఆరునెలలకోసారి మళ్లీ చూడాలనేది అందుకే.

ఎమ్మారైలోనే కొత్త గుర్తులు వస్తున్నాయి. నల్లటి చారలోని కణాలకు ఆ నలుపు న్యూరోమెలనిన్ వల్ల వస్తుంది. దాన్ని చూపించే ప్రత్యేక పద్ధతిని 2006లో జపాన్ పరిశోధకులు చూపించారు. పార్కిన్సన్స్‌లో ఆ చార పాలిపోతుంది. ఇంజెక్షన్ లేదు, రేడియేషన్ లేదు. ఇంకొకటి తోక గుర్తు. మన పొలాల్లో గేదెల వీపు మీద వాలే నల్లపిట్టకు తోక చివర రెండుగా చీలి ఉంటుంది కదా, మామూలు మెదడులో నల్లటి చార వెనక సరిగ్గా అలాంటి చీలిక కనిపిస్తుంది. పార్కిన్సన్స్‌లో ఆ చీలిక పూడిపోతుంది. కాకపోతే ఇది కనపడాలంటే 3 టెస్లా యంత్రం, దానిలో సరైన పద్ధతి, చూసి గుర్తుపట్టే కన్ను, మూడూ కావాలి. చేతులు వణికే మనిషి తల కదిపితే బొమ్మ చెదిరిపోతుంది. చిన్న ఊళ్లలో ఎక్కువగా ఉండే 1.5 టెస్లా యంత్రంతో తీసి, రిపోర్టులో ఆ ప్రస్తావన లేదని రేడియాలజిస్టుతో గొడవ పెట్టుకోకండి. కణతల మీద పెట్టి చేసే అల్ట్రాసౌండ్‌లోనూ ఆ భాగం ఎక్కువ తెల్లగా కనిపిస్తుందని జర్మన్ వైద్యులు 1995లోనే చూపించారు. చవక, తేలిక. చేసేవారి నైపుణ్యం మీదే అంతా ఆధారం.

అల్జీమర్స్‌లో పేరుకునే ప్రోటీన్‌ను పెట్ స్కాన్‌లో చూడగలం. పార్కిన్సన్స్‌లో పేరుకునే ఆల్ఫా సైన్యూక్లిన్‌ను అలా చూపించే స్కాన్ ఇంకా ఆసుపత్రుల్లోకి రాలేదు. వచ్చిననాడు ఈ వ్యాసం మళ్లీ రాయాలి.

ఇప్పటికైతే, డాట్ స్కాన్ రాస్తే ఒక్క మాట అడగండి: ‘దీని ఫలితాన్ని బట్టి నా మందు మారుతుందా?’ మారుతుందంటే తీయించుకోండి. వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నిటి చీటీ తీసుకెళ్లండి. డిప్రెషన్‌కు, సిగరెట్లు మానడానికి వాడే బుప్రోపియాన్ లాంటివి బొమ్మను తప్పుదారి పట్టిస్తాయి. లెవోడోపా ఆపాలా వద్దా అన్నది స్కాన్ రకాన్ని బట్టి ఉంటుంది, మీకు మీరు ఆపకండి.

మాస్టారు మూడు నెలల తర్వాత వచ్చారు. ఈసారి ఫిల్ము కవరు లేదు, ఒక నోటుబుక్కు ఉంది. నేను రాయమన్నాను: మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు, చెయ్యి ఎన్నింటికి సాగింది, ఎన్నింటికి మళ్లీ బిగిసింది. పాఠాల డైరీలా గీతలు కొట్టి రాశారు. అక్షరాలు మునుపటికంటే పెద్దగా ఉన్నాయి. ఉదయం, రాత్రి బాగానే ఉంది. మధ్యాహ్నం మాత్ర మాత్రం సరిగా పనిచేయడం లేదు. భార్య పక్కనుంచి అందుకున్నారు, ‘‘మధ్యాహ్నం పప్పన్నం తిన్నాకే వేసుకుంటున్నారండీ’’. మాంసకృత్తులు ఎక్కువున్న భోజనం లెవోడోపాను పేగుల్లోనే అడ్డుకుంటుంది. అన్నానికి అరగంట ముందు వేసుకోమని, మోతాదు మార్చకుండా అదే చీటీ మళ్లీ రాసిచ్చాను.